కరోలా కింద గడిచిన ఆదివారం

షార్జాలో మా గది నుంచి దుబాయ్ అల్ కూజ్‌లో ఉన్న కంపెనీ స్టోరుకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరితే అరగంట పట్టే దారి, ఆరున్నరకు బయలుదేరితే గంటన్నర పడుతుంది. నేను ఏసీ మెకానిక్‌ని. నా పనంతా మేడల మీదే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నియమం. అందువల్ల ఆ మూడు నెలలూ చీకటితోనే దారి పట్టాలి.

నా బండి 2010 కరోలా. మీటరు రెండు లక్షల ఎనభై వేలు దాటింది. ఇంజనుకు ఇంతవరకు ఏ రోగమూ రాలేదు. డిక్కీలో టూల్ బ్యాగు, గ్యాసు సిలిండరు, వాక్యూమ్ పంపు ఎప్పుడూ ఉంటాయి. వెనక సీట్లో మా గదిలోనే ఉండే ఇద్దరు కూర్చుంటారు. వాళ్లలో పెద్దాయనను మేమంతా బావ అంటాం. ఇరవై రెండేళ్లుగా గల్ఫ్‌లో బరువులు ఎత్తిన నడుము ఆయనది. ఏడాదిగా ఎక్కడ హంపు కనబడినా ముందు సీటును గట్టిగా పట్టుకుని, "మెల్లగా తమ్ముడూ" అనేవాడు. నేను మెల్లగానే తోలేవాణ్ణి. అయినా కారు దబ్బున దిగేది.

కారు ఒక్కరోజులో పాడవలేదు. ముందుగా ఫ్లైఓవర్ అతుకుల మీద టక్ టక్ మొదలైంది. తర్వాత బ్రేకు వేస్తే ముక్కు కిందికి వంగేది. 2024 ఏప్రిల్ 16 నాటి వాన ఈ దేశంలో డెబ్బై అయిదేళ్లలో ఎన్నడూ చూడనిది. ఆ వారం షార్జా వీధుల్లో నిలిచిన నీళ్లలోంచి తోలక తప్పలేదు. అటుపైన స్టీరింగు తిప్పినప్పుడల్లా ముందు నుంచి కరకరమని చప్పుడు వచ్చేది. చివరికి ఏటా చేయించాల్సిన పాసింగులో, అంటే బండి తనిఖీలో, కారు ఫెయిలయింది. లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టి ఉంచే కింది చేతుల రబ్బరు కీళ్లు) చీలాయని, ముందు టైర్లు లోపలి అంచున అరిగాయని కాగితం మీద రాసి ఇచ్చారు. పాసింగు లేకపోతే ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) రెన్యూవల్ కాదు. ముల్కియా లేని కారు రోడ్డెక్కకూడదు. అది ఆగితే మా ముగ్గురి పనీ ఆగినట్లే.

సస్పెన్షన్, అంటే కుదుపును మింగే షాకప్‌లు, స్ప్రింగులు, వాటి జోడింపులు, మార్చాలి అనగానే సలహాలకు కొదవ ఉండదు. గట్టి స్ప్రింగులు వేసి కారును కిందికి దించమని ఒకరు చెప్పారు. పోటీలకు వాడే సెట్ తక్కువ ధరకు వస్తుందని మరొకరు చెప్పారు. అనుమతి లేకుండా అలాంటి మార్పులు చేస్తే ఇక్కడ జరిమానా పడుతుంది, మళ్లీ పాసింగు కూడా కాదు. ఆ మాట పక్కన పెట్టినా, ఎత్తు తగ్గిన కారులో షాకప్ కదలడానికి చోటు తగ్గుతుంది. ముగ్గురం, సామానూ ఎక్కాక హంపు మీద అది చివరి రబ్బరుకు కొట్టుకుంటుంది, ఆ దెబ్బ నేరుగా నడుముకే తగులుతుంది. రోజూ పనికి తిరిగే పాత బండికి కావలసింది గట్టిదనం కాదని నా గట్టి నమ్మకం. పుట్టినప్పుడు దానికున్న మెత్తదనం తిరిగి రావాలి, వీలైతే దానికి కొంత నిబ్బరం తోడవ్వాలి.

ఇండస్ట్రియల్ ఏరియాలో పాత సామాన్ల దుకాణాలు వరుసగా ఉంటాయి. అక్కడ విప్పి అమ్మే షాకప్‌లు సగం కన్నా తక్కువ ధరకే దొరుకుతాయి. జత ఒకటి చేతిలో పట్టుకుని నేను వెళ్లిన ఉస్తాద్, అంటే పెద్ద మెకానిక్, పెషావర్ మనిషి, అరవై దాటినవాడు. దాన్ని నేల మీద నిలబెట్టి రాడ్డును అరచేత్తో అదిమాడు. అది దిగింది, దిగినచోటే ఉండిపోయింది. తర్వాత పెట్టెలోంచి కొత్త గ్యాసు రకం తీసి అలాగే అదిమాడు. చెయ్యి తీయగానే రాడ్డు నెమ్మదిగా, ఒకే వేగంతో పైకి వచ్చింది. ఆయన ఒక్క మాటా అనలేదు. నేను ఆ పాత జతను తిరిగి ఇచ్చేసి వచ్చాను.

నాలుగు మూలలకూ కేవైబీ కంపెనీ గ్యాసు షాకప్‌లు తీసుకున్నాం. వరుసగా గతుకులు తగిలినప్పుడు షాకప్ లోపలి నూనె నురగ కడుతుంది, నురగకు ఊపును ఆపే బలం ఉండదు. గ్యాసు ఒత్తిడి ఆ నురగను అణిచి ఉంచుతుంది. వాటితోపాటు పై మౌంట్లు, బేరింగులు, లింక్ రాడ్లు, రెండు లోయర్ ఆర్మ్‌లు, వెనక స్ప్రింగులు కొన్నాం. సిలిండరు ఎప్పుడూ ఎడమ పక్కన పెట్టడంతో ఆ వైపు కారు ఒకటిన్నర సెంటీమీటరు కిందికి కుంగింది. బుష్‌ల విషయంలో రబ్బరుకు బదులు పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ రకం వేద్దామా అని అడిగితే ఉస్తాద్ వద్దన్నాడు. అవి ఎక్కువ కాలం మన్నుతాయి, కానీ రోడ్డు అదురును లోపలికి పంపుతాయి, ఒక్కోసారి కిర్రుమంటాయి. మాకు రబ్బరే సరిపోతుంది.

ఆదివారం పొద్దున ఏడింటికి కారు పైకి లేచింది. విప్పిన బుష్‌ను చేతిలోకి తీసుకుని చూశాను. మధ్యలో ఇనుప గొట్టం, చుట్టూ రబ్బరు. ఆ రబ్బరు ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంది. వేలితో నొక్కితే పొడి రాలింది. పదిహేను వేసవుల వేడి అది. పై బేరింగును తిప్పితే లోపల ఇసుక, తుప్పు కలిసి గరగరలాడాయి.

కొత్త ఆర్మ్ ఎక్కించాక కుర్రాడు బోల్టు బిగించబోయాడు. ఉస్తాద్ చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. చక్రం వేలాడుతూ ఉండగా ఆ బోల్టు బిగించకూడదట. లోపలి గొట్టం బోల్టుతో బిగుసుకుంటుంది, బయటి అంచు ఆర్మ్‌తో పాటు తిరుగుతుంది, మధ్యలో రబ్బరు మెలిపడుతుంది. చక్రం వేలాడేటప్పుడు బిగిస్తే, కారు నేలకు దిగిన క్షణం నుంచి ఆ రబ్బరు మెలితిరిగే ఉంటుంది, కొన్ని నెలల్లోనే చీలుతుంది. అందుకని కింద జాకీ పెట్టి, కారు బరువు చక్రం మీద పడే ఎత్తుకు లేపి, అప్పుడు బిగించాడు. నేనూ చేతి పనివాణ్ణే. రాగి గొట్టం అతికేటప్పుడు లోపల నైట్రోజన్ పంపకపోతే పైకి ఏమీ కనబడదు, మసి మాత్రం లోపల పేరుకుంటుంది. అందుకే ఆ జాకీ విలువ నాకు తెలిసింది. బిల్లులో ఆ అయిదు నిమిషాలకు లెక్క ఉండదు.

సాయంత్రం అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సవరణ, చేయించాం. వెనక ఇరుసు ఒకే దూలం కాబట్టి అక్కడ సవరించేది ఏమీ ఉండదు, ముందు చక్రాలే సరిచేయాలి. అరిగిన ముందు టైర్లను కూడా మార్చాను. మొత్తం రెండు వేల దిర్హాములు దాటింది. ఆ నెల ఇంటికి పంపే సొమ్ము తగ్గింది. "కారుకు అంత ఖర్చా అండీ?" అని మా ఆవిడ ఫోనులో అడిగింది. ఆ అడగడంలో తప్పు లేదు. బాబు కాలేజీ ఫీజు గడువు దగ్గరలోనే ఉంది. బావ నడుము గురించి, నలభై ఆరు డిగ్రీల ఎండలో రోడ్డు పక్కన ఆగిపోవడం గురించి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. "మరి బ్రేకులు కూడా చూపించారా?" అంది. చూపించాను.

మర్నాడు నాలుగున్నరకు అదే దారి. మొదటి ఫ్లైఓవర్ అతుకు మీద నా చేతులు అలవాటుగా స్టీరింగును బిగించాయి. చప్పుడు రాలేదు. గేటు దగ్గరి పెద్ద హంపు మీద కారు ఒక్కసారి లేచి, ఒక్కసారి దిగి, అక్కడితో ఆగింది. ఇంతకుముందు మూడు సార్లు ఊగేది. బావ సీటును పట్టుకుని ఉన్నాడు, దాటాక కూడా వదల్లేదు. చెయ్యి వదలడానికి ఆయనకు వారం పట్టింది.

పాసింగు అయింది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఉస్తాద్ చెప్పినట్టే మళ్లీ వెళ్లి బోల్టులన్నీ చూపించాను, ఒక లింక్ రాడ్ నట్టు పావు చుట్టు తిరిగింది. వెనక ఇరుసు బుష్‌లు ఇంకా పాతవే. వాటిని నొక్కి దించడానికి ప్రెస్సు కావాలి, ఒక రోజు పని. వచ్చే వేసవి మొదలయ్యేలోపు, ఫీజు కట్టేశాక, అవీ మార్పిస్తాను.