ఫైబర్ బోటుకు లిథియం బ్యాటరీ: ఎంత సైజు, ఎలా ఛార్జింగ్, ఎక్కడ బిగించాలి

లెడ్ యాసిడ్ బ్యాటరీ దిగిపోయేముందు మనకు తెలుస్తుంది. లైట్లు ఎర్రబడతాయి, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు బటన్ నొక్కితే మాట తెగిపోతుంది. లిథియం అలా కాదు. దాదాపు చివరిదాకా 13 వోల్టుల దగ్గరే నిలబడి, ఖాళీ అయ్యేసరికి లోపల సెల్లులను కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూటు ఒక్కసారిగా కరెంటు ఆపేస్తుంది. ఇంట్లో అయితే అది చిన్న ఇబ్బంది. వల నీళ్లలో ఉండగా, ఓడలు తిరిగే దారిలో, అర్ధరాత్రి మాస్టు లైటు ఆరిపోతే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పేది) అంకె, ధర చూసి బ్యాటరీ కొనడం సరిపోదు. ఖర్చయ్యే కరెంటు ఎంత, అది తిరిగి ఎలా ఎక్కుతుంది, బ్యాటరీ ఆగిపోతే ఏ దీపం మాత్రం వెలుగుతూ ఉండాలి అన్నవి ముందే తేల్చుకోవాలి.

ముందు రకం సంగతి. బోటుకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తప్ప ఇంకొకటి తీసుకోకండి. దుకాణంలో దీన్నే ఎల్‌ఎఫ్‌పీ అంటారు. ఒక్కో సెల్లు 3.2 వోల్టులు, నాలుగు వరసగా కలిపితే 12.8. మన 12 వోల్టుల సామానుకు చక్కగా సరిపోతుంది. ఫోన్లలో, చాలా ఎలక్ట్రిక్ స్కూటర్లలో వాడే ఎన్‌ఎంసీ లాంటి రకాల్లో నాలుగు సెల్లులు నిండితే 16.8 వోల్టులు. 12 వోల్టుల పరికరాలు కొన్ని ఆ దెబ్బకే కాలిపోతాయి. పైగా ఎన్‌ఎంసీ సెల్లు 210 డిగ్రీల దగ్గరే అదుపు తప్పి మండగలదు, ఎల్‌ఎఫ్‌పీ సుమారు 270 దాకా తట్టుకుంటుంది. పాత స్కూటర్ ప్యాకులు విప్పి, మంచి సెల్లులు ఏరి, కొత్త డబ్బాలో పెట్టి చవగ్గా అమ్మేవాళ్లున్నారు. వాటి జోలికి వెళ్లొద్దు. రేవులో బోట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో రాత్రికి రాత్రే పదుల బోట్లు కాలిపోవడం చూశాం. ఆ మంటకూ లిథియంకూ ముడిపెట్టడం లేదు. ఒక బోటులో అంటుకున్నది ఒక బోటుతో ఆగదని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఎంత బ్యాటరీ కావాలి

సాయంత్రం వెళ్లి పొద్దున్నే తిరిగొచ్చే ఫైబర్ బోటు లెక్క వేద్దాం. పని లైట్లు 10 వాట్లవి రెండు, 6 గంటలు వెలిగితే 120 వాట్ అవర్లు. మాస్టు లైటు 5 వాట్లు, 11 గంటలకు 55. జీపీఎస్, ఫిష్ ఫైండర్ కలిసిన సెట్టు సుమారు 12 వాట్లు, 10 గంటలకు 120. వీహెచ్‌ఎఫ్ ఊరికే వింటూ ఉంటే 5 వాట్లు, 14 గంటలకు 70. మాట్లాడేటప్పుడు మాత్రం అది 5, 6 ఆంపియర్లు లాగుతుంది, కొద్ది నిమిషాలకు 10 వేసుకోండి. ఫోన్లకు 30, నీళ్లు తోడే పంపుకు 20. మొత్తం 425 వాట్ అవర్లు. 12.8తో భాగిస్తే 33 ఏహెచ్. బోటు ఎక్కడుందో ఒడ్డుకు తెలిపే, ప్రభుత్వం ఇచ్చే ట్రాన్స్‌పాండర్ ఉంటే దాని మీద రాసిన వాట్లను 24 గంటలతో గుణించి ఇందులో కలపండి.

ఇది ఏ ఇబ్బందీ లేని రాత్రి లెక్క. ఇంజను మొరాయించి ఇంకో రాత్రి నీళ్ల మీదే ఉండాల్సి వస్తే? కాబట్టి రెండింతలు చేయాలి, 66 ఏహెచ్. లిథియంను 80 శాతం వరకే వాడితే ఎక్కువ కాలం వస్తుంది గనుక 0.8తో భాగిస్తే 83. అంటే 100 ఏహెచ్ ఒకటి చాలు. ఇదే పని లెడ్ యాసిడ్‌తో చేయాలంటే సగానికి మించి దించకూడదు కాబట్టి 132 ఏహెచ్ కావాలి. అంటే 150 ఏహెచ్ ట్యూబులర్, 50 కిలోల పైమాటే. 100 ఏహెచ్ ఎల్‌ఎఫ్‌పీ 10 నుంచి 13 కిలోల మధ్య ఉంటుంది. ఒడ్డుకు లాగే బోటులో ఆ తేడా నడుముకే తెలుస్తుంది.

చేపలను రప్పించే పెద్ద ఎల్‌ఈడీ లైట్ల కోసం బ్యాటరీ సైజు పెంచాలనుకునేవాళ్లకు ఒక మాట. 2017 నవంబరులోనే కేంద్రం ఆ పద్ధతి వేటను నిషేధించింది. ఆ లెక్క అసలు వేయనక్కర్లేదు.

ఛార్జింగ్: ఎక్కువ బ్యాటరీలు, డైనమోలు పాడయ్యేది ఇక్కడే

తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న అవుట్‌బోర్డు ఇంజన్లలో చాలావాటికి ఛార్జింగ్ కాయిలే ఉండదు. ఉన్నా వచ్చేది కొద్ది ఆంపియర్లే, దాని మీద ఆధారపడొద్దు. అలాంటి బోటుకు అన్నిటికన్నా మంచి దారి బ్యాటరీని ఇంజనుతోపాటు ఇంటికి తెచ్చి ఛార్జింగ్ పెట్టడం. 12 కిలోలే కాబట్టి ఒక మనిషి మోయగలడు. రోజూ టెర్మినల్ బోల్టులు విప్పి బిగిస్తే మరలు అరిగిపోతాయి. 50 ఆంపియర్ల ఆండర్సన్ ప్లగ్ ఒకటి పెట్టించండి, లాగితే ఊడుతుంది, నొక్కితే కలుస్తుంది. ఛార్జరు ఎల్‌ఎఫ్‌పీ కోసం చేసిందే కావాలి, 14.4 నుంచి 14.6 వోల్టుల దగ్గర ఆగేది. 20 ఆంపియర్లదైతే ఖాళీ 100 ఏహెచ్ ఐదారు గంటల్లో నిండుతుంది. పాత లెడ్ ఛార్జర్లలో కొన్ని ‘ఈక్వలైజ్’ పేరుతో 15 వోల్టులు దాటిస్తాయి. ఆ దశలో బీఎంఎస్ దారి మూసేస్తుంది. ఆ బీఎంఎస్ గనుక నాసిరకమైతే సెల్లులు ఉబ్బుతాయి.

సోలారు పెట్టుకునే చోటుంటే 100 వాట్ల పలక మంచి ఎండలో రోజుకు 350 నుంచి 400 వాట్ అవర్లు ఇస్తుంది, మబ్బు పట్టిన రోజుల్లో అందులో సగం కూడా రాదు. పైన వేసిన 425 లెక్కకు ఒక పలక చాలదు, రెండు కావాలి. పలకకూ బ్యాటరీకీ మధ్య ఉండే ఎంపీపీటీ కంట్రోలర్‌లో బ్యాటరీ రకం లిథియం అని పెట్టండి. ఆ ఎంపిక లేకపోతే బల్క్ (నింపే వోల్టేజి) 14.2, ఫ్లోట్ (నిండాక నిలిపే వోల్టేజి) 13.5, ఈక్వలైజ్ ఆఫ్. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత పలక. విప్పేటప్పుడు ముందు పలక.

లోపలే డీజిల్ ఇంజను, దానికి డైనమో ఉన్న బోట్లలో ఇంకో ప్రమాదం ఉంది. లెడ్ బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది, డైనమోకు ఊపిరి తిరుగుతుంది. లిథియం దాదాపు నిండేదాకా ఎంత ఇస్తే అంత లాగేస్తుంది. 55 ఆంపియర్ల డైనమో గంటల తరబడి నిండు భారం మీద తిరిగితే వైండింగు వేడెక్కి కాలిపోతుంది. అది చాలదన్నట్టు, బ్యాటరీ నిండగానే బీఎంఎస్ ఠక్కున ఆపేస్తే ఆ కరెంటుకు పోయే దారి ఉండదు. వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డైనమో డయోడ్లు, ఒక్కోసారి జీపీఎస్ సెట్టు కూడా పోతాయి. కాబట్టి డైనమోను లెడ్ స్టార్టింగ్ బ్యాటరీకే ఉంచండి. అక్కడినుంచి, ఒక బ్యాటరీతో ఇంకోదాన్ని అదుపుగా ఛార్జ్ చేసే డీసీ-డీసీ ఛార్జరు ద్వారా లిథియంకు ఇవ్వండి. డీసీ-డీసీ సైజు డైనమో ఆంపియర్లలో సగం దాటకూడదు. 55కి 20 లేదా 25 సరిపోతుంది.

సెల్ఫ్ మోటారుకు లిథియం వద్దు అనడానికి కారణం కూడా బీఎంఎస్సే. 100 ఏహెచ్ బ్యాటరీలో మామూలుగా ఉండేది 100 ఆంపియర్ల బీఎంఎస్. డీజిల్ ఇంజను సెల్ఫ్ కొడితే క్షణంపాటు కొన్ని వందల ఆంపియర్లు లాగుతుంది. బీఎంఎస్ దాన్ని షార్ట్ అనుకుని ఆపేస్తుంది. లెడ్‌నూ లిథియంనూ నేరుగా ప్యారలల్ కలపడం కూడా వద్దు. 24 వోల్టుల బోట్లలో ఇంకో అలవాటు చూస్తుంటాం, రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే 12 వోల్టులు తీసి వీహెచ్‌ఎఫ్‌కు ఇవ్వడం. లిథియంతో అలా చేస్తే ఒకటి ముందే ఖాళీ అవుతుంది, దాని బీఎంఎస్ ఆగగానే మొత్తం 24 వోల్టులూ పోతాయి. 24 నుంచి 12కు దించే కన్వర్టరు పెట్టండి.

ఆరిపోయేముందు తెలియాలి

వోల్టు మీటరు చూసి లిథియంలో ఎంత మిగిలిందో చెప్పలేం. భారం లేనప్పుడు నిండు బ్యాటరీ 13.4 చూపిస్తే, మూడోవంతు మిగిలినదీ 13 చూపిస్తుంది. నెగటివ్ తీగలో షంట్ మీటరు పెట్టాలి. అది ఎక్కిన ఆంపియర్లు, దిగిన ఆంపియర్లు లెక్క కట్టి శాతం చూపిస్తుంది. అన్ని నెగటివ్ తీగలూ షంట్ అవతలి నుంచే పోవాలి. ఒక్క పంపు తీగ నేరుగా బ్యాటరీకి కలిసినా లెక్క తప్పుతుంది. బోట్లలో లిథియం కోసం అమెరికాలో ఏబీవైసీ సంస్థ రాసిన ఈ-13 ప్రమాణం కూడా, బీఎంఎస్ ఆపేముందు బోటు నడిపేవాడికి హెచ్చరిక అందాలంటుంది. మన మార్కెట్లో దొరికే చాలా బ్యాటరీల్లో ఆ ఏర్పాటు లేదు. 12.5 వోల్టులకు మోగే బజరు విడిగా పెట్టుకుంటే సరిపోతుంది, దానికయ్యేది చిన్న ఖర్చే.

దీనికన్నా ముఖ్యమైనది రెండో బ్యాటరీ. 12 వోల్టుల 7 ఏహెచ్ చిన్న బ్యాటరీ ఒకటి, మాస్టు లైటు, వీహెచ్‌ఎఫ్ మాత్రమే దాని మీదకు మార్చుకునేలా చేంజోవర్ స్విచ్. పెద్ద బ్యాటరీ ఏ కారణంగా ఆగినా ఓడవాళ్లకు మీ బోటు కనపడుతుంది, మీ మాట వినపడుతుంది. డబ్బు చాలకపోతే పెద్ద బ్యాటరీ సైజు తగ్గించుకోండి గానీ దీన్ని వదలొద్దు.

తీగలు, ఫ్యూజు, పెట్టె

లిథియం లోపలి అడ్డు చాలా తక్కువ కాబట్టి షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి. స్కూటర్లో వాడే గాజు ఫ్యూజు అంత కరెంటును తెంచలేదు, లోపల మెరుపు నిలిచి మండుతూనే ఉంటుంది. క్లాస్-టి ఫ్యూజు గానీ, టెర్మినల్ మీదే కూర్చునే ఎంఆర్‌బీఎఫ్ ఫ్యూజు గానీ పెట్టండి, పాజిటివ్ తీగ మీద, బ్యాటరీకి 7 అంగుళాల లోపు. తీగ మందం ఇలా చూడాలి: 6 మీటర్ల దూరంలో ఉన్న పరికరానికి 10 ఆంపియర్లు పంపాలంటే పోను రాను 12 మీటర్లు. వోల్టేజి 3 శాతం కన్నా ఎక్కువ పడకూడదనుకుంటే 5.5 చదరపు మిల్లీమీటర్లు వస్తుంది, కాబట్టి 6 తీసుకోవాలి. తగరం పూత ఉన్న రాగి తీగే కొనండి. మామూలు రాగి తీగకు ఉప్పుగాలిలో లోపలంతా చిలుము పడుతుంది, పైన ప్లాస్టిక్ మాత్రం కొత్తగానే కనిపిస్తుంది. లగ్గులు నొక్కాక జిగురున్న హీట్ ష్రింక్ వేయండి. ఒకదానికొకటి చుట్టి టేపు వేసిన కీళ్లు సముద్రంలో పనికిరావు.

చోటు విషయానికొస్తే, అమరం వైపు ఇంజను పక్కన వద్దు. 45 డిగ్రీలు దాటిన సెల్లును ఛార్జ్ చేయకూడదు, మన ఎండలో మూసిన ఇంజను గది ఆ వేడిని సులభంగా దాటుతుంది. చలికి హీటర్ ఉన్న బ్యాటరీలకు ఎక్కువ డబ్బు పెట్టకండి, మన తీరంలో దాని అవసరం ఎప్పటికీ రాదు. అడుగున నిలిచే నీళ్లకు పైన, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, బెల్టుతో బిగించి, నిలువుగా ఉంచండి. ఐపీ67 అని రాసి ఉంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట తట్టుకుందని అర్థం. రోజూ అలల ఉప్పునీళ్లు తాగగలదని కాదు. కెరటాల అదురుకు టెర్మినల్ బోల్టులు వదులవుతాయి, వదులైన చోట వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. నెలకోసారి బిగించి చూడండి.

దుకాణంలో

మొదట తూకం వేయించండి. 100 ఏహెచ్ సెల్లు ఒక్కటే దాదాపు 2 కిలోలు, నాలుగంటే 8 కిలోలు. డబ్బా, బీఎంఎస్ కలిశాక కూడా 8 కిలోలే తూగితే లోపల 100 ఏహెచ్ లేదు. తర్వాత నిండా ఛార్జ్ చేసి, కారు హెడ్‌లైటు బల్బులు 55 వాట్లవి నాలుగు కలిపి, డీసీ వాట్ మీటరు పెట్టి ఆరిపోయేదాకా వెలిగించండి. ఐదు గంటల చుట్టుపక్కల ఆరాలి, మీటరులో 1200 వాట్ అవర్లు దాటాలి. 900 దగ్గరే ఆగితే తిరిగి ఇచ్చేయండి. ఈ పరీక్షకు ఒప్పుకోని దుకాణంలో కొనకపోవడమే మంచిది. వారంటీ కాగితంలో ‘ఉప్పునీటి వాడకానికి వర్తించదు’ అన్న వాక్యం ఉందేమో చదవండి.

వేట నిషేధం రోజులకు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోటు ఒడ్డునే ఉంటుంది. లెడ్ బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి ఉంచాలి, లేకపోతే పలకలకు సల్ఫేటు పడుతుంది. లిథియంకు అది పనికిరాదు. నిండుగా వేడిలో ఉంచితే దాని ఆయుష్షు తగ్గుతుంది. పూర్తిగా ఖాళీగా వదిలితే బీఎంఎస్ తన కోసం వాడుకునే కొద్ది కరెంటుకే సెల్లు 2.5 వోల్టుల కిందికి పోయి మళ్లీ లేవదు. షంట్ మీటరు 50, 60 శాతం చూపించే దగ్గర ఆపి, రెండు తీగలూ విప్పి, ఇంట్లో నీడపట్టున ఉంచండి. నెల తర్వాత ఒకసారి వోల్టేజి చూడండి, 13 కిందికి దిగితే గంటసేపు ఛార్జింగ్ పెట్టండి. వేటకు వెళ్లేముందు మాత్రం 14.4 దాకా నిండా ఎక్కించి, ఛార్జరును ఇంకో రెండు గంటలు అలాగే వదిలేయండి. సెల్లులన్నీ ఒకే మట్టానికి వచ్చేది ఆ చివరి దశలోనే. సగం సగం ఛార్జింగులతోనే నెలలు గడిపితే వాటిలో ఒకటి వెనకబడిపోతుంది, దాన్ని చూసి బీఎంఎస్ ఇంకా 30 శాతం ఉండగానే కరెంటు ఆపేస్తుంది. సీజనులో కూడా నెలకొకసారి ఇలా నిండా ఎక్కించి, షంట్ మీటరును 100కి సెట్ చేయండి.