టిప్ ఎక్కడుంది?

గురువారం, రాత్రి పదిన్నర

ఆర్థో ఆపరేషన్ల లిస్టులో ఇవాళ మత్తివ్వడానికి నాకొచ్చిన మొదటి కేసు ఒక మేస్త్రీ. గోడ మీంచి జారిపడి ముంజేతి ఎముకలు రెండూ విరగ్గొట్టుకున్నాడు. కాలర్‌బోను పైన సూది వేసి చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా చేస్తామంటే "మెలకువగానే ఉంటానా మేడం?" అని రెండుసార్లు అడిగాడు. సుప్రాక్లావిక్యులర్ బ్లాక్, అంటే చేతికి వెళ్లే నరాల చుట్టూ మత్తుమందు వేయడం. నా చేత్తో ఇది తొమ్మిదోది.

అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టగానే స్క్రీన్ మీద బొమ్మ చక్కగా వచ్చింది. నల్లగా, గుండ్రంగా కొట్టుకుంటున్న సబ్‌క్లేవియన్ ధమని, దాన్ని ఆనుకుని ద్రాక్షగుత్తిలా నరాలు, కింద తెల్లగా మొదటి పక్కటెముక. ఆ పక్కనే ఊపిరితో పాటు కదిలే ఇంకో తెల్లగీత, ప్లూరా, ఊపిరితిత్తిని కప్పి ఉండే పొర. సూది దాన్ని గుచ్చుకుంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరుతుంది.

భుజం వైపు నుంచి సూది పెట్టాను. స్క్రీన్ మీద తెల్లగా మెరుస్తూ గీత వచ్చింది. ఇంకాస్త ముందుకు నెట్టబోతుంటే వెనకనుంచి మా సీనియర్ మేడం "టిప్ ఎక్కడుంది?" అన్నారు, సూది మొన గురించి. గీత ఆగిన చోటు చూపించాను.

"అదేనా? సూది కదపకు. ప్రోబ్ ఒక్కటే కాస్త తిప్పు."

తిప్పాను. గీత పొడవైంది. అసలు మొన నేను చూపించిన చోటికి అరసెంటీమీటరు అవతల, ప్లూరా వైపు ఉంది. నేను మొన అనుకున్నది సూది నడుము!

గ్లోవ్స్ లోపల చేతులు చల్లబడ్డాయి. "అయిపోయిందా మేడం?" అని మేస్త్రీ అడిగాడు. "ఇంకొంచెం సేపు అన్నా, కదలకండి" అన్నాను. నా గొంతులో టెన్షన్ ఆయనకి తెలిసిందేమో, మళ్లీ మాట్లాడలేదు.

సూది వెనక్కి లాగి, మొన కళ్లముందు ఉంచుకుంటూ ధమనికీ పక్కటెముకకీ మధ్య మూలకి తెచ్చాను. ఒక మిల్లీలీటరు సెలైన్ వదిలితే మొన దగ్గరే నల్లటి చిన్న మడుగు విచ్చుకుంది. మొన అక్కడే ఉందని అప్పుడు నమ్మకం కుదిరింది. తర్వాత మందు, కొంచెం కొంచెంగా, ప్రతిసారీ వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసుకుంటూ. ఇరవై నిమిషాలకి ఆయన చెయ్యి ఎత్తలేకపోయాడు.

మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడూ అదే ఆలోచన. ప్రోబ్ నుంచి అల్ట్రాసౌండ్ శబ్దం పల్చటి పలకలా వెళ్తుంది, దాని మందం దాదాపు ఒక మిల్లీమీటరు. మన 22 గేజ్ సూది మందం 0.7 మిల్లీమీటరు. సూది పొడవంతా ఆ పలకలోనే ఉంటే మొత్తం కనిపిస్తుంది. ఏటవాలుగా దాన్ని కోసుకుంటూ పోతే, పలకలో ఉన్న ముక్కే కనిపిస్తుంది. ఆ ముక్క చివర అచ్చం మొనలాగే ఉంటుంది. నన్ను మోసం చేసింది అదే. ఇంకోటి, సూది నిటారుగా దిగితే శబ్దం అద్దం మీద పడ్డ టార్చి వెలుగులా పక్కకి పోతుంది, ప్రోబ్‌కి తిరిగి రాదు. అందుకే చర్మం మీద కాస్త దూరంగా గుచ్చి, సూదిని వీలైనంత పడుకోబెట్టి తీసుకెళ్లమంటారు.

2007లో బ్రయాన్ సైట్స్ బృందం అమెరికాలో రెసిడెంట్లు, అంటే నాలాగే శిక్షణలో ఉన్న డాక్టర్లు, చేసిన 520 బ్లాకుల వీడియోలు చూసింది. ఎక్కువగా కనిపించిన తప్పులు రెండు: సూది కనబడకుండానే ముందుకు నెట్టడం, తెలియకుండా ప్రోబ్ కదిలిపోవడం. సెమినార్‌లో ఈ పేపర్ చెప్పింది నేనే. చదవడానికీ చేతికి రావడానికీ ఇంత దూరం ఉంటుందని అప్పుడు అనుకోలేదు.

సాయంత్రం డిపార్ట్‌మెంట్‌లో జూనియర్‌తో కలిసి, సూది సాధన చేయడానికి జెలటిన్ దిమ్మ పోశాను. అందులో ఇసబ్‌గోల్ కలిపితే స్క్రీన్ మీద కండలాగా మసకగా కనిపిస్తుంది. అది కలపకపోతే లోపలంతా నల్లగా ఉండి సూది మరీ తేలిగ్గా దొరికేస్తుంది, అలాంటి సాధన వల్ల లాభం లేదు. లోపల ఒక స్ట్రా పెట్టాం, ధమని బదులు. నియమం ఒక్కటే: మొన కనబడకపోతే సూది చెయ్యి ఆగాలి, ప్రోబ్ చెయ్యే వెతకాలి. రెండు చేతులూ ఒకేసారి కదిపితే ఏది తప్పిందో తెలియదు. చిటికెన వేలు దిమ్మకి ఆనించి పట్టుకుంటే ప్రోబ్ జారడం బాగా తగ్గింది. ఈ సంగతి ఎవరైనా మొదటి ఏడాదిలోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో! జూనియర్‌కి ఇవాళే చెప్పాను. తను నలభై నిమిషాలు వదలకుండా చేసింది.

ఎనిమిదింటికి వార్డుకి వెళ్లాను. మేస్త్రీ వేళ్లు కొద్దిగా కదుపుతున్నాడు. "చెయ్యి మళ్లీ నాదవుతోంది మేడం, నొప్పి కూడా వస్తోంది" అన్నాడు. సిస్టర్‌తో నొప్పికి ఇంజెక్షన్ వేయించి, స్టెతస్కోప్ తీశాను. ఆయాసం లేదు, రెండు వైపులా ఊపిరి సమానంగానే ఉంది. అయినా మళ్లీ మొదటి నుంచీ విన్నాను.