ముందు పాత టైరును చదవండి

"ఈ టైరు ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" బైకుకు కొత్త టైరు కొనేటప్పుడు అందరూ మొదట అడిగేది ఇదే. నిక్కచ్చిగా చెప్పగలిగినవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు. చాలా కారు టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని, అరుగుదలను ఎంత తట్టుకుంటుందో చెప్పే ఒక అంకె ఉంటుంది, దాన్ని చూసి ఓ అంచనాకు రావచ్చు. బైకు టైర్లకు అదీ లేదు. పైగా ఒక బండికి వచ్చినదాంట్లో సగమే అదే టైరు ఇంకో బండికి రావచ్చు. బరువు, రోడ్డు, గాలి, యాక్సిలరేటర్ తిప్పే చెయ్యి, అన్నీ కలిసి దాన్ని తేలుస్తాయి. ఈ లెక్కంతా మీ బండికున్న పాత టైరు మీద ఇప్పటికే రాసి ఉంది. విప్పించే ముందు ఓ ఐదు నిమిషాలు దాన్ని చూడండి.

వెనక టైరు మీద అరచెయ్యి ఆనించి, ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా జరపండి. కొత్త టైరైతే చెయ్యి ఒకే ఒంపులో జారిపోతుంది. మధ్యలో చదునుగా ఉండి, పక్కకు దిగేచోట చిన్న గట్టులాంటిది తగిలితే బండి ఎక్కువగా తిన్నటి రోడ్ల మీద నిటారుగా నడుస్తోందని అర్థం. గాడి లోతు ఇంకా మిగిలే ఉండొచ్చు, కానీ మలుపులో బండి ఆ గట్టు దగ్గర మొరాయిస్తుంది, దాటగానే ఒక్కసారిగా వాలిపోతుంది. చాలామంది దీన్ని సస్పెన్షన్ లోపం అనుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తారు.

ఇలా అరిగే బండికి డ్యూయల్ కాంపౌండ్ టైరు సరిపోతుంది. మధ్యలో గట్టి రబ్బరు, రెండు పక్కలా మెత్తటి రబ్బరు ఉంటాయి. నిటారుగా పోయేటప్పుడు అరిగేది మధ్యభాగమే కాబట్టి గట్టి రబ్బరు అక్కడ ఎక్కువ కాలం నిలుస్తుంది. వాల్చినప్పుడు నేలకు తాకే పక్కల్లో మెత్తటి రబ్బరు పట్టునిస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. నిటారుగా ఉండి బ్రేకు వేసినా పట్టుకోవాల్సింది ఆ గట్టి మధ్యభాగమే. ఎక్కువ కిలోమీటర్లు రావాలని దాన్ని మరీ రాయిలా చేసిన టైర్లు తడి రోడ్డు మీద తొందరగా జారతాయి. రబ్బరులో సిలికా ఎక్కువగా కలిపిన స్పోర్ట్ టూరింగ్ (దూర ప్రయాణాలకూ, వేగానికీ పనికొచ్చే) రకం ఈ రెంటికీ మధ్య మంచి రాజీ, ఎందుకంటే సిలికా చల్లటి, తడి రోడ్డు మీద పట్టును కాపాడుతుంది. మిషెలిన్ రోడ్ 6, పిరెల్లి ఏంజెల్ జీటీ 2, మెట్జెలర్ రోడ్‌టెక్ 01 ఈ కోవలోవే. చిన్న బండ్లకు ఈ సైజులు దొరక్కపోవచ్చు, అప్పుడు కంపెనీ వేసి ఇచ్చిన రకానికి దగ్గరగా ఉన్నది చూసుకోవాలి.

మధ్య బాగానే ఉండి పక్కలే అరిగితే రెండు కారణాలు. కొండ దారుల్లో బాగా వాల్చి నడుపుతుండాలి, లేదా గాలి తక్కువై ఉండాలి. ఏది కారణమో గాలి గేజీ పెడితే తేలిపోతుంది. గాలితో పోయేదానికి మెత్తటి టైరు కొనడం దండగ.

ముందు టైరు అరిగే తీరు వేరు. దాని మీద చెయ్యి చుట్టూ తిప్పితే ఒక వైపుకు నున్నగా, రెండో వైపుకు రంపపు పళ్లలా తగులుతుంది. కాస్త ఉండటం మామూలే. బాగా ఎగుడుదిగుడుగా ఉంటే గాలి తక్కువగానో, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్) ఆయిల్ పాడయ్యో, చక్రం బ్యాలెన్స్ తప్పో ఉంటుంది. వాటిని సరిచేయకుండా ఎంత మంచి టైరు వేసినా అదే గతి.

ఇక కిలోమీటర్ల లెక్క. గాడి లోతు కొలిచే ట్రెడ్ గేజీతో కొత్త టైరు మధ్య గాడిని కొలిచి రాసి పెట్టుకోండి. 6.5 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 3,000 కిలోమీటర్ల తర్వాత 5.5 ఉంటే, 3,000కు ఒక మిల్లీమీటరు చొప్పున పోతోంది. 1.5 దగ్గర మార్చాలనుకుంటే ఇంకా 12,000 ఉన్నట్టు. టైరు చుట్టూ మూడు చోట్ల కొలిచి, అతి తక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోండి. గాడిలో కనిపించే అరుగుదల గుర్తు దాకా ఆగొచ్చు కదా అంటే, ఎండలో పర్లేదేమో గానీ, వానలో నీటిని పక్కకు నెట్టే శక్తి అంతకు చాలా ముందే తగ్గిపోతుంది.

రేసు ట్రాక్ కోసం చేసిన టైరు రోడ్డు మీద బాగా పట్టుకుంటుందని ఒక భ్రమ ఉంది. పిరెల్లి డయాబ్లో సూపర్‌కోర్సా లాంటి రబ్బరు బాగా వేడెక్కితేనే పూర్తిగా పనిచేస్తుంది. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే ప్రయాణంలో ఆ వేడి రాదు. ఖర్చు ఎక్కువ, ఆయుష్షు తక్కువ, చల్లటి ఉదయం పూట పట్టు కూడా తక్కువ.

వెడల్పు పిచ్చి ఇంకొకటి. 140/70-17 టైరుకు (140 మిల్లీమీటర్ల వెడల్పు, 17 అంగుళాల చక్రానికి) మామూలుగా 4 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. అంతకంటే బాగా సన్నటి రిమ్ముకు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి, నడిమి భాగం కోసుగా పైకి లేస్తుంది. చూడ్డానికి లావుగా కనిపించినా నిటారుగా ఉన్నప్పుడు నేలను తాకేది కొంచెమే, ఆ కొంచెమే తొందరగా అరుగుతుంది. హ్యాండిల్ బరువెక్కుతుంది, గొలుసుకు రాసుకునే ప్రమాదం ఉంటుంది. సైజు పక్కన ఉండే లోడ్ సంఖ్య, అంటే టైరు మోయగల బరువు గుర్తు, కూడా చూడండి: 66 అంటే 300 కిలోలు. కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. ముందు రేడియల్, వెనక బయాస్ అని (లోపలి దారాల పొరలు వేసే తీరు వేరైన రెండు రకాలు) కలగలపడం కూడా తయారీదారు ఒప్పుకుంటే తప్ప వద్దు.

టైరును తొందరగా తినేది గాలే. బండి మాన్యువల్లో ఉన్న అంకెనే పట్టండి, టైరు పక్కన అచ్చువేసింది గరిష్ఠ పరిమితి మాత్రమే. మైలేజీ కోసమని 5 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ కొట్టించేవాళ్లున్నారు. దాంతో మధ్యభాగమే నేలను తాకి, ఆదా చేయాలనుకున్న చోటే అరుగుతుంది. తక్కువైతే టైరు నలిగి వేడెక్కుతుంది. వారానికొకసారి, బండి నడపక ముందు, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నడిపాక చూస్తే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయకండి.

కొనేటప్పుడు టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివరి నాలుగు అంకెలు చదవండి: 2424 అంటే 2024లో 24వ వారం తయారైంది. బిగించేటప్పుడు పక్కనున్న బాణం గుర్తు చక్రం తిరిగే వైపుకే ఉండాలి. ముందు టైరు గాడులు వెనకదానికి ఎదురుగా ఉన్నట్టు కనిపించడం మామూలే, బాణాన్నే నమ్మండి. కొత్త వాల్వ్ వేయించి, బ్యాలెన్స్ చేయించండి. మొదటి 150 కిలోమీటర్లు గట్టిగా బ్రేకు వేయకుండా, కొద్దికొద్దిగా ఎక్కువ వాలుస్తూ నడపండి. కొత్త రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది, అది గరుకెక్కేదాకా పట్టు పూర్తిగా రాదు.