ఐసు మోసిన రెడ్ గ్రేంజ్

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రెడ్ గ్రేంజ్ అనగానే అందరూ 1924 అక్టోబర్ 18 గురించే చెబుతారు. ఇల్లినాయ్ యూనివర్సిటీ తరఫున మిషిగన్ మీద మొదటి కిక్ అందుకుని 95 గజాలు పరిగెత్తేశాడు, 12 నిమిషాల్లో నాలుగు టచ్‌డౌన్లు (బంతిని అవతలి జట్టు గీత దాటించి చేసే స్కోరు)! వీటన్ అనే చిన్న ఊళ్లో ఎండాకాలం సెలవుల్లో ఇంటింటికీ ఐసు దిమ్మలు మోసిన కుర్రాడు అతను. ఆ బలం అక్కడిదే.

1925లో కాలేజీ చివరి మ్యాచ్ అవ్వగానే షికాగో బేర్స్ అనే ప్రొఫెషనల్ జట్టులో చేరిపోయాడు. డబ్బు కోసం ఆడటం తక్కువ పని అని అప్పట్లో చాలామంది తిట్టిపోశారు. నాకైతే అందులో తప్పేమీ కనపడదు, కష్టపడేవాడికి కూలి దక్కాలి కదా.

1927లో మోకాలు పోయింది, ఆ మెలికలు తిరిగే పరుగు మళ్లీ రాలేదు. అయినా ఆట వదల్లేదు, డిఫెన్స్, అంటే అవతలివాళ్లను ఆపే ఆట, బాగా ఆడటం మొదలుపెట్టాడు. 1933 ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్, న్యూయార్క్ జెయింట్స్ మీద బేర్స్ 23-21 ఆధిక్యం, ఆఖరి క్షణాలు. బంతి పట్టుకున్న జెయింట్స్ ఆటగాడు పక్కవాడికి అందిస్తే బేర్స్ పని అయిపోయేదే. గ్రేంజ్ కాళ్లు పట్టుకోకుండా చేతులతో సహా వాణ్ణి ఛాతీ దగ్గర బిగించి పట్టేశాడు, బంతి కదల్లేదు. నాకు ఆ 95 గజాల కంటే ఈ పట్టే ఎక్కువ ఇష్టం.