వేడి వస్తోంది, బట్టలు ఆరట్లేదు: మా డ్రయ్యర్‌తో నా అనుభవం

మా డ్రయ్యర్‌లో బట్టలు ఆరడానికి పట్టే సమయం పెరుగుతూ వచ్చింది. డ్రమ్ములో చెయ్యి పెడితే సెగ తగిలేది, తువ్వాళ్ళు మాత్రం చెమ్మగానే ఉండేవి. హీటర్ పోయిందేమో అన్నారు ఇంట్లోవాళ్ళు. సెగ వస్తుంటే హీటర్ పోవడమేంటి? బట్టల్లోంచి లేచిన ఆవిరి బయటికి పోయే దారే మూసుకుపోయి ఉంటుందనిపించింది నాకు.

ముందు లింట్ ఫిల్టర్, అంటే బట్టల నూగును పట్టే జాలీ తీశాను. నూగు ఎప్పటికప్పుడు తీసేస్తుంటాం కాబట్టి పైకి శుభ్రంగానే ఉంది. కుళాయి కింద పెడితే మాత్రం నీళ్ళు దిగకుండా జాలీ మీదే నిలిచాయి. వాసన కోసం వేసే డ్రయ్యర్ షీట్లు వదిలిన జిడ్డు పూత అది, కంటికి కనబడదు. వేడినీళ్ళు, సబ్బు, మెత్తటి బ్రష్‌తో తోమి, బాగా ఆరాకే మళ్ళీ పెట్టాను. తర్వాత ప్లగ్ పీకేసి, మిషన్‌ను ముందుకు జరిపి, వెనక ఆవిరి బయటికి పోయే గొట్టం విప్పాను. అసలు జబ్బు అక్కడుంది. గొట్టం గోడకు నొక్కుకుపోయి మడతపడింది, ఆ మడత నిండా నూగు. ఆలస్యం ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు, కానీ ఆ నూగుకు ఇట్టే నిప్పంటుకుంటుంది. డ్రయ్యర్లలో మంటలు లేవడానికి ముఖ్య కారణాల్లో అదొకటి. ప్లాస్టిక్ గొట్టం ఉంటే వెంటనే తీసేసి లోహపుది పెట్టించుకోమని అందరికీ గట్టిగా చెబుతాను. గ్యాస్‌తో నడిచే మిషన్ అయితే వెనకభాగం మెకానిక్‌కే వదిలేయాలి.

దారి తెరుచుకోగానే బట్టలు మునుపటిలా ఆరాయి. అయినా బట్టలు ఆరగానే దానంతటదే ఆగే ఆటో మోడ్‌లో పెడితే తడి ఉండగానే ఆగిపోయేది. డ్రమ్ము లోపలి అంచున రెండు లోహపు పట్టీలు ఉంటాయి, తేమను కనిపెట్టే సెన్సర్ అదే. దానిమీదా అదే పూత. గుడ్డను వెనిగర్‌లో తడిపి తుడిస్తే సరిపోయింది.

దుప్పట్లది వేరే గొడవ. చిన్న బట్టల్ని లోపలికి చుట్టేసుకుని ఉండలా తిరుగుతాయి. పైన ఎండిపోతుంది, మధ్యలో పచ్చి తడి. ఇప్పుడు దుప్పట్లు విడిగా వేస్తున్నాను, మధ్యలో ఒకసారి ఆపి విదిలిస్తాను. సింథటిక్ బట్టలు చిటపటలాడుతూ ఒంటికి అంటుకుంటున్నాయంటే ఎక్కువ ఎండాయని అర్థం, కొంచెం ముందే తీసేయడం మేలు. డ్రమ్ములోనే వదిలేస్తే ముడతలు పడతాయి. పడ్డవాటిని ఒక తడిగుడ్డతో కలిపి 10 నిమిషాలు తిప్పితే చాలావరకు పోతాయి.

కుంచించుకుపోయిన కాటన్ టీషర్టును గోరువెచ్చని నీళ్ళలో కొంచెం హెయిర్ కండిషనర్ కలిపి నానబెట్టి, మెల్లగా సాగదీసి, పరిచి ఆరబెట్టాను. పూర్తిగా కాకపోయినా తొడుక్కునేంత సాగింది. ఉన్నికి ఈ చిట్కా మీద ఆశ పెట్టుకోకండి. పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని గట్టిపడ్డాక అది మళ్ళీ మునుపటిలా రాదు. లేబుల్ మీద చదరంలోని వృత్తానికి ఇంటూ కొట్టి ఉంటే ఆ బట్ట డ్రయ్యర్‌లో వేయకూడదు. వృత్తంలో ఒకే చుక్క ఉంటే తక్కువ వేడి పెట్టాలి.