బెంగాల్స్‌కు కావలసింది ఎవరు? నా నోట్‌బుక్‌లో ఒక కొట్టివేత

ప్రతి వసంతంలోనూ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు, అంటే జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమానికి, కొన్ని వారాల ముందు నేనొక నోట్‌బుక్ తెరుస్తాను. ఎడమ పేజీలో జట్టు పేరు, దాని అఫెన్స్‌లో (బంతితో దాడి చేసే విభాగంలో) ఉన్న లోటు రాస్తాను. కుడి పేజీలో ఆ లోటు తీర్చగలడని నాకు తోచిన కాలేజీ ఆటగాడి పేరు రాస్తాను. 2021 ఏప్రిల్ నాటి పేజీలో సిన్సినాటి బెంగాల్స్‌కు ఎదురుగా ఒరెగాన్ లెఫ్ట్ టాకిల్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాచే లైన్‌లో ఎడమ అంచున నిలిచేవాడు) పెనే సూవెల్ పేరు రాసి, దాని కింద రెండు గీతలు కూడా గీశాను. నాకు అంత నమ్మకం.

ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. 2020 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా (ఎంపికగా) తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ జో బరో, ఆ నవంబర్‌లో వాషింగ్టన్‌తో జరిగిన మ్యాచ్‌లో ఎడమ మోకాలి లిగమెంట్లు తెగి మైదానం వీడాడు. పాసులు పట్టే రిసీవర్లుగా టైలర్ బాయిడ్, టీ హిగ్గిన్స్ అప్పటికే ఉన్నారు. అటువంటప్పుడు ఐదో పిక్‌ను మరో రిసీవర్ మీద ఖర్చు చేయడం, కప్పు కారుతుంటే గోడలకు రంగులు వేయించుకోవడం వంటిదని నేను వాదించాను. బెంగాల్స్ మాత్రం ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీలో) బరోతో కలిసి ఆడిన రిసీవర్ జమార్ చేస్‌ను తీసుకున్నారు. సూవెల్ ఏడో పిక్‌గా డెట్రాయిట్ లయన్స్‌కు వెళ్లాడు.

తరువాత జరిగినది అందరికీ తెలిసినదే. చేస్ మొదటి ఏడాదే 1,455 యార్డులు, 13 టచ్‌డౌన్‌లు సాధించి ఉత్తమ అఫెన్సివ్ రూకీ (తొలి ఏడాది ఆటగాడు) అయ్యాడు. కాన్సస్ సిటీ మీద ఒక్క మ్యాచ్‌లోనే 266 యార్డులు రాబట్టాడు. అంతకుముందు ఏడాది నాలుగే మ్యాచ్‌లు గెలిచిన జట్టు లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు చేరింది. నేను ఆ రెండు గీతల మీదుగా మూడో గీత అడ్డంగా గీసి, పేరు కొట్టివేశాను.

అయితే ఇక్కడ ఆగిపోతే అది మరో తప్పు అవుతుంది. ఆ ఏడాది రెగ్యులర్ సీజన్‌లో బరో 51 సార్లు శాక్ అయ్యాడు, అంటే బంతి విసరకముందే ప్రత్యర్థులు అతన్ని పడగొట్టారు, లీగ్‌లో అంతకన్నా ఎక్కువ ఎవరూ కాలేదు. టెన్నెసీతో ప్లేఆఫ్ మ్యాచ్‌లో తొమ్మిది సార్లు, సూపర్ బౌల్‌లో ఏడు సార్లు నేలకూలాడు. 23-20 తేడాతో రామ్స్ చేతిలో ఓడిన ఆ రాత్రి బెంగాల్స్ చివరి అవకాశం, రామ్స్ ఆటగాడు ఆరన్ డోనాల్డ్ లైన్‌ను చీల్చుకొని వచ్చి బరోను పట్టుకోవడంతోనే ముగిసింది. అంటే లైన్ బలహీనంగా ఉందన్న నా అంచనా అబద్ధం కాదు. సూవెల్ మీద నా అంచనా కూడా అబద్ధం కాదు. లయన్స్ అతన్ని రైట్ టాకిల్‌కు మార్చారు, 2023లో అతడు ఆల్-ప్రో (ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాళ్ల) మొదటి జట్టులో నిలిచాడు. మరి నేను ఎక్కడ తప్పాను?

ఎడమ పేజీలోనే తప్పానని ఇప్పుడు అనుకుంటున్నాను. లోటును నేను స్థానం పేరుతో రాసుకున్నాను, పని పేరుతో కాదు. ‘లెఫ్ట్ టాకిల్ కావాలి’ అన్నది లోటు కాదు, అది నేను ముందే తేల్చుకున్న జవాబు. 2020 మ్యాచ్‌లను తిరిగి చూస్తే బరో విసిరిన దూరపు పాసులు సరిగా కుదరలేదని, రక్షకుడిని దాటి లోతుకు వెళ్లగలిగేవాడు లేక ప్రత్యర్థులు నిశ్చింతగా ముందుకు జరిగి కాచుకున్నారని తెలుస్తుంది. క్వార్టర్‌బ్యాక్ బంతిని ఎక్కువసేపు పట్టుకొని నిలబడితే ఎంత మంచి లైన్ ఉన్నా కొన్ని శాక్‌లు తప్పవు. 51 శాక్‌లలో లైన్ వాటా ఎంత, బరో సాహసం వాటా ఎంత అన్నది ప్లే వెనుక ప్లే చూస్తే తప్ప తేలదు. అంత ఓపిక నాకు అప్పట్లో లేదు.

ఇంకొక సంగతి కూడా నేను లెక్కలోకి తీసుకోలేదు. మధ్యస్థమైన గార్డులు, సెంటర్లు (లైన్ మధ్యలో నిలిచేవారు) ప్రతి మార్చిలోనూ ఫ్రీ ఏజెన్సీలో, అంటే ఒప్పందం లేని ఆటగాళ్ల సంతలో, దొరుకుతారు. లీగ్‌లో మొదటి వరుసలో నిలిచే రిసీవర్‌ను మాత్రం ఏ జట్టూ అంత సులువుగా వదులుకోదు. 2022లో బెంగాల్స్ టెడ్ కారస్‌ను, అలెక్స్ కాపాను, లయెల్ కాలిన్స్‌ను ఆ దారిలోనే తెచ్చుకున్నారు. ఏ లోటును డ్రాఫ్ట్‌లో తీర్చుకోవాలి, ఏ లోటును డబ్బుతో తీర్చుకోవచ్చు అన్న విభజన లేకుండా వేసే అవసరాల జాబితా, ఎంత పొడవుగా ఉన్నా, సగం జాబితాయే.

ఇక కుడి పేజీ సంగతి. కాలేజీ ఆట, ప్రొఫెషనల్ ఆట పైకి ఒకేలా కనిపించినా నియమాల్లో ఉన్న చిన్న తేడాలు ఆటగాడి అంకెలను చాలా మారుస్తాయి. కాలేజీ మైదానంలో రెండు హ్యాష్ గీతల (ప్లే మొదట బంతిని పెట్టే చోటికి రెండు వైపులా ఉన్న హద్దుల) మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అది 18 అడుగుల 6 అంగుళాలు మాత్రమే. బంతిని ఒక వైపు హ్యాష్ దగ్గర పెట్టినప్పుడు కాలేజీలో రెండో వైపు విశాలమైన మైదానం ఖాళీగా మిగులుతుంది, అక్కడ రిసీవర్‌కు దొరికే చోటు ప్రొఫెషనల్ ఆటలో దొరకదు. పాస్ వేసే ప్లేలో లైన్‌మెన్ కాలేజీలో మూడు యార్డుల దాకా ముందుకు వెళ్లవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క యార్డే. పరుగో పాసో చివరి క్షణంలో తేల్చుకునే ప్లేలు కాలేజీలో అంత సులువుగా పండడానికి ఆ రెండు యార్డుల వెసులుబాటు పెద్ద కారణం: లైన్‌మెన్ ముందుకు దూకడం చూసి ప్రత్యర్థి లైన్‌బ్యాకర్ (రక్షణ వరుస వెనుక నిలిచేవాడు) పరుగే అనుకొని అడుగు వేస్తాడు, బంతి అతని వెనుక పడుతుంది. సరిహద్దు గీత దగ్గర పట్టిన క్యాచ్‌కు కాలేజీలో ఒక పాదం లోపల ఉంటే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ ఉండాలి. అందుకే ఇప్పుడు ఒక రిసీవర్ టేప్ (మ్యాచ్ వీడియో) చూసేటప్పుడు, ఎన్ని క్యాచ్‌లు పట్టాడన్నది పక్కన పెట్టి, ఈ వెసులుబాట్లు తీసివేస్తే ఎన్ని మిగులుతాయో లెక్కపెడతాను. ఇది విసుగు పుట్టించే పని, కానీ దీనికి దగ్గరదారి నాకు కనిపించలేదు.

ఈ తీసివేతలోనూ అతి చేయకూడదని 2020 డ్రాఫ్ట్ గుర్తు చేస్తుంది. ఎల్‌ఎస్‌యూలో జస్టిన్ జెఫర్సన్ 2019లో 111 క్యాచ్‌లు పట్టాడు, కానీ చాలావరకు లోపలివైపు స్లాట్ నుంచి, అంటే ఎదురుగా నిలబడి అడ్డుకునేవాడు లేని చోటు నుంచి పట్టాడు. బయటి అంచున నిలబడితే ఇతడు నెగ్గగలడా అన్న అనుమానం చాలామందికి ఉండేది, నాకూ ఉండేది. ఫిలడెల్ఫియా ఈగల్స్ 21వ పిక్‌గా టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) రిసీవర్ జేలెన్ రేగర్‌ను తీసుకున్నారు, మరుక్షణమే 22వ పిక్‌గా మిన్నెసోటా వైకింగ్స్ జెఫర్సన్‌ను తీసుకున్నారు. వేగమే కొలమానం అనుకున్నా, కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు జరిగే శారీరక పరీక్షల్లో) 40 యార్డుల పరుగు జెఫర్సన్‌ది 4.43 సెకన్లు, రేగర్‌ది 4.47. జెఫర్సన్ మొదటి ఏడాదే 1,400 యార్డులు సాధించాడు. 2022లో ఈగల్స్ రేగర్‌ను ట్రేడ్ చేసినప్పుడు అతడు చేరింది ఏ జట్టులోనో కాదు, వైకింగ్స్‌లోనే. స్లాట్‌లో ఆడమన్నది కోచ్ నిర్ణయం. ఆటగాడిని ఒక చోట వాడుకున్నారంటే మరొక చోటికి అతడు పనికిరాడని అర్థం కాదు. జెఫర్సన్ 2018లో ఎక్కువగా బయటి అంచునే ఆడాడు, ఆ టేప్ చూసి ఉంటే సరిపోయేది.

టైట్ ఎండ్‌ల (పాసులూ పట్టి, లైన్‌తో కలిసి ప్రత్యర్థులను బ్లాక్ కూడా చేసేవారి) విషయంలో ఇదే పొరపాటు తిరగబడి కనిపిస్తుంది. జార్జ్ కిటిల్ అయోవాలో తన కాలేజీ జీవితం మొత్తం మీద పట్టినవి 48 క్యాచ్‌లు. 2017లో ఐదో రౌండ్ దాకా, 146వ పిక్ దాకా మిగిలిపోయాడు. మరుసటి ఏడాదే శాన్ ఫ్రాన్సిస్కో తరఫున 1,377 యార్డులు సాధించి ఆ స్థానంలో అప్పటి రికార్డు నెలకొల్పాడు. బంతి తన వైపు రాని ప్లేలలో అతడు ఎలా బ్లాక్ చేశాడో, ఎంత జోరుగా పరుగెత్తాడో టేప్‌లో ఉంది, అంకెల పట్టికలో లేదు.

లైన్‌మెన్ దగ్గర నేను చేతి పొడవు కొలతకు గౌరవం ఇస్తాను, కానీ దాసోహం అనను. టాకిల్‌కు 34 అంగుళాల చేయి ఉండాలన్నది స్కౌట్‌లు తరతరాలుగా చెప్పుకొనే లెక్క. 33 అంగుళాలు కూడా లేని జాక్ మార్టిన్ నోటర్ డేమ్‌లో లెఫ్ట్ టాకిల్‌గా ఆడి, 2014లో డాలస్ కౌబాయ్స్ దగ్గర గార్డ్‌గా మారి, తన తరంలో ఆ స్థానానికే ప్రమాణంగా నిలిచాడు. కొలత అబద్ధం చెప్పలేదు, చోటు మారింది. రన్నింగ్ బ్యాక్‌ల గురించి నా అభిప్రాయం క్లుప్తమైనది: ముందున్న లైన్‌ను చూడకుండా వెనుక పరుగెత్తేవాడిని బేరీజు వేయలేం. న్యూయార్క్ జయంట్స్‌లో మసకబారిన సాక్వాన్ బార్క్‌లీ 2024లో ఈగల్స్ లైన్ వెనుక 2,005 యార్డులు పరుగెత్తాడు. క్వార్టర్‌బ్యాక్‌ల మీద జోస్యాలు చెప్పడం మానేశాను. అంత ఆలస్యంగా ఎంపికై కూడా రాణించిన 199వ పిక్ టామ్ బ్రేడీ, 262వ పిక్ బ్రాక్ పర్డీ ఉన్న లోకంలో నా నోట్‌బుక్‌కు అంత ధీమా పనికిరాదు.

ఇంత చేసినా కొన్ని పేజీలు తెగవు. 2024లో లాస్ వేగస్ రైడర్స్ 13వ పిక్‌గా జార్జియా టైట్ ఎండ్ బ్రాక్ బవర్స్‌ను తీసుకున్నారు. అంతకుముందు ఏడాదే రెండో రౌండ్‌లో మైకేల్ మేయర్ అనే మరో టైట్ ఎండ్‌ను తీసుకొని ఉన్నారు, కాబట్టి స్థానం పేరుతో చూస్తే అది అనవసరమైన ఎంపిక. అసలు లోటు క్వార్టర్‌బ్యాక్ దగ్గర ఉంది, కానీ మొదటి పన్నెండు పిక్‌లలోనే ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లిపోయారు. బవర్స్ 112 క్యాచ్‌లతో రూకీలందరి రికార్డునూ దాటాడు. రైడర్స్ 4 మ్యాచ్‌లు గెలిచి 13 ఓడారు. ఆ పేజీలో ఎడమ వైపు ‘క్వార్టర్‌బ్యాక్‌కు బంతి వదిలించుకోవడానికి నమ్మకమైన మనిషి’ అని ఒకసారి రాసి, ‘క్వార్టర్‌బ్యాక్’ అని మరొకసారి రాసి, రెంటినీ కొట్టివేయకుండా వదిలేశాను.