అమ్మ సంతకం పెట్టగలిగిన రోజుల్లోనే

మాది కోనసీమలో ఒక లంక గ్రామం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, మా అమ్మను వీధి అరుగు మీద నుంచి కుర్చీతో సహా ఎత్తి పడవలో కూర్చోబెట్టారు. అప్పటికి ఆమె తన పని తాను చేసుకునేది. రెండేళ్ల తరువాత తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ జరిగినా లేచి నడవలేకపోయింది. ఏజెన్సీ ద్వారా ఆయాను పెట్టుకున్నాము. ఆమె సంక్రాంతికి తన ఊరు వెళ్ళి మళ్ళీ రాలేదు. తరువాత వచ్చినామె, వరద కబురు వినగానే వెళ్ళిపోయింది. రాజమహేంద్రవరంలో మా ఇల్లు లిఫ్టు లేని మూడో అంతస్తు. మావారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. అమ్మను సంరక్షణ గృహంలో చేర్చాలన్న నిర్ణయానికి అలా వచ్చాము. ఆ మాట అమ్మతో చెప్పడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నా మంచం పక్కన కిటికీ ఉంటుందా అమ్మాయీ?" అని మాత్రం అడిగింది.

ఆ తరువాత బంధువులలో చాలామంది నన్ను అడిగినది "నెలకు ఎంత?" అనే ఒక్క ప్రశ్నే. గృహం వారు ఫోనులో చెప్పే అంకె ఒకటి, నెలాఖరున మన చేతి నుంచి వెళ్ళే డబ్బు మరొకటి. ఆ తేడా ముందుగా తెలియక మేము ఇబ్బంది పడ్డాము కనుక, మా లెక్క ఉన్నది ఉన్నట్లుగా ఇక్కడ రాస్తున్నాను.

మేము చేర్చిన చోట గది, భోజనం, ఆయాల సేవ కలిపి నెలకు 22,000 రూపాయలు. నడవగలిగిన వారికి ఇంతకన్నా తక్కువ, ముక్కులో గొట్టం ద్వారా ఆహారం ఇవ్వవలసిన వారికి ఎక్కువ. ధరను నిర్ణయించేది గది కన్నా మనిషి పరిస్థితే. అందువల్ల ఈ రోజు చెప్పిన ధర, ఆరోగ్యం ఒక మెట్టు దిగజారితే మారిపోతుంది. దానికి పైన డైపర్లకు 3,500, మందులకు 3,000, నెలకు ఎనిమిది సార్లు వచ్చే ఫిజియోథెరపిస్టుకు 3,200, రెండుసార్లు చూసే డాక్టరుకు 1,000. మొత్తం 32,700. చేరేటప్పుడు మూడు నెలల మొత్తం 66,000 అడ్వాన్సు, తిరిగి రాని ప్రవేశ రుసుము 10,000, ఏటా పదిశాతం పెంపు. ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసి వస్తే అంబులెన్సు, తోడు ఉండే మనిషి కూలి వేరు. ఇవి ఒక్క చోటి ధరలే. ఊరు మారితే అంకెలు మారవచ్చు గాని, బిల్లులో ఉండే పద్దులు ఇంచుమించు ఇవే. ఆదాయపు పన్ను శాఖ వద్ద ధార్మిక సంస్థగా నమోదైన వృద్ధాశ్రమాలు, అరవై దాటిన వారి నుంచి వసతి, భోజనం, పోషణ అన్నీ కలిపి నెలకు 25,000 రూపాయల వరకు తీసుకునే మొత్తానికి జీఎస్టీ లేదు. కనుక బిల్లులో ఆ పద్దు కనిపిస్తే అడగాలి.

మెల్బోర్న్‌లో ఉంటున్న మా తమ్ముడు ఫోనులో మొదట వేసిన ప్రశ్న, "అక్కా, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు?" అన్నది. మనిషిని ఎలా చూసుకుంటారో అడగకుండా డబ్బు సంగతి అడిగాడని నాకు కష్టం తోచింది. అక్కడ ప్రభుత్వమే వృద్ధుల పరిస్థితిని అంచనా వేయిస్తుందట. గృహంలో ఉన్నవారు కట్టే రోజువారీ ప్రాథమిక రుసుమును ఒంటరి వృద్ధుల పింఛనులో 85 శాతంగా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. మన దగ్గర అటువంటి కొలత లేదు కనుక, కాగితం మీద రాయించుకున్నదే మనకు రక్ష. తమ్ముడి ప్రశ్న ఎంత సరైనదో నాకు తరువాత అర్థమైంది. అంతకు ముందు మరొక చోట రసీదు లేకుండా 10,000 కట్టి, అక్కడ చేర్చకపోయినా ఆ డబ్బు తిరిగి రాబట్టుకోలేకపోయాను.

చూసిన నాలుగు గృహాలలో మూడింటిని, వీధి వైపు ముందు గది మాత్రమే చూసి బాగున్నాయనుకున్నాను. నాలుగోదానికి చెప్పకుండా, మధ్యాహ్నం పన్నెండున్నరకు, భోజనాల వేళ వెళ్ళాను. మంచాన ఉన్న ఒక పెద్దావిడకు ఆయా చారన్నం మెత్తగా పిసికి, ముద్దను తన మణికట్టుకు తాకించి వేడి చూసుకుని, ఆవిడ మింగిన తరువాతనే రెండో ముద్ద పెట్టింది. ఆవిడ మడమల కింద పలచని దిండ్లు ఉన్నాయి. మడమలపై చర్మం ఎక్కడా కమిలి లేదు. మంచినీళ్ళ గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉంది. నేను మేనేజరును అడిగాను:

"రాత్రిపూట ఎంతమంది ఉంటారండీ?"

"ఇద్దరు ఆయాలు, ఒక నర్సమ్మ ఉంటారండీ."

"ఎంతమంది పెద్దవాళ్ళకండీ?"

"ఇరవై ఇద్దరికండీ. ఇంకొక మనిషిని పెట్టాలండీ, దొరకడం లేదు."

ఉన్న లోటును దాచకుండా చెప్పినందుకే నాకు ఆ చోటు మీద నమ్మకం కుదిరింది.

ఇక డబ్బు ఎక్కడిది అన్నది. నాన్నగారు పంచాయతీరాజ్ పాఠశాల ఉపాధ్యాయులు కనుక అమ్మకు కుటుంబ పింఛను 26,000 వస్తుంది. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం ఆమె పేరునే ఉంది. సార్వా, దాళ్వా రెండు వరి పంటలకూ కలిపి కౌలు ఏటా 40,000. రెండూ కలిపితే నెలకు సుమారు 29,300. మిగిలిన 3,400 రూపాయలను ముగ్గురు పిల్లలం పంచుకుంటున్నాము. పింఛను లేని కుటుంబాలలో పొలమో కొబ్బరితోటో అమ్మిన డబ్బు ఉంటే, పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ పథకంలో గరిష్ఠంగా 30 లక్షలు దాచుకోవచ్చు, ఇప్పటి 8.2 శాతం వడ్డీకి మూడు నెలలకు ఒకసారి 61,500 వస్తుంది. చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. డెబ్బై దాటిన వారికి 5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరినప్పుడే ఉపయోగపడుతుంది, సంరక్షణ గృహం నెలసరి ఖర్చుకు అది పనికిరాదు.

నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పదలచుకున్నది కాగితాల సంగతి. ఆ ఎకరాన్ని మా ముగ్గురి పేర రాసేస్తానని అమ్మ పట్టుబట్టింది. రాయవద్దన్నాము, ఆమె పేరున ఉన్నంతకాలం ఆ కౌలు ఆమె ఖర్చుకే వస్తుంది. రాయక తప్పని కుటుంబాలు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ గురించి తెలుసుకోవాలి. ఆస్తి పొందినవారు తమను పోషించాలన్న షరతుతో రాసి ఇస్తే, వారు ఆ షరతు తప్పినప్పుడు ట్రిబ్యునల్ ఆ బదిలీని చెల్లదని ప్రకటించవచ్చు. ఆ షరతు దస్తావేజులో అక్షరాలా ఉంటే తరువాత వాదనకు తావుండదు. ఈ చట్టం కింద పిల్లల నుంచి పోషణ భత్యం కోరుతూ వేసే అర్జీలను కూడా ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునలే వింటుంది. దారి తెలియనివారు 14567 హెల్ప్‌లైనుకు ఫోను చేయవచ్చు.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే చాలునని మేము చాలాకాలం అనుకున్నాము. మన కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో రద్దవుతుంది. మతిమరుపు వ్యాధి ముదిరిన తల్లి ఖాతాలోని డబ్బును ఆమె వైద్యానికే తీయలేక, సంరక్షకులుగా నియమించమని హైకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చిన కుటుంబం మా బంధువర్గంలోనే ఉంది. అందువల్ల అమ్మకు అన్నీ తెలుస్తున్నప్పుడే బ్యాంకు ఖాతాలో నా పేరు చేర్చి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్పించాము, నామినీలను సరిచేశాము, వీలునామా రాయించి రిజిస్టరు చేయించాము.

చేర్చిన రోజు గృహం వారు ఆధారు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, రక్తపరీక్షలు, వాడుతున్న మందుల చీటీ తీసుకున్నారు. ఒప్పందంలో అడ్వాన్సును ముప్పై రోజులలో తిరిగి ఇస్తామన్న వాక్యం లేదు. అడిగి, చేతిరాతతో చేర్పించి, పక్కన సంతకం చేయించాను. వెంటిలేటరు పెట్టాలా వద్దా, కబురు మొదట ఎవరికి చెప్పాలి అన్న ప్రశ్నలు చదువుతున్నప్పుడు నా గొంతు పట్టేసింది. అమ్మ కాగితాన్ని తన వైపుకు తిప్పుకుని, "గొట్టాలు వద్దని రాయి. కబురు నీకే చెప్పమను," అని, కింద తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, నిదానంగా రాసింది. కిటికీ పక్క మంచమే దొరికింది.

సంక్రాంతికి నాలుగు రోజులు ఊరికి తీసుకువెళ్ళాలని ఉంది. ఆ నాలుగు రోజులకూ గది అద్దె తగ్గదని, భోజనం ఖర్చు మాత్రం తగ్గిస్తామని ఒప్పందంలో ఉంది. చక్రాల కుర్చీ పట్టే కారును రావులపాలెంలో ఇప్పటికే మాట్లాడి ఉంచాను.